ప్రయాణాల్లో ఉన్నప్పుడు బర్గర్ షాపుల్లాంటి చోట్ల కూర్చుని ల్యాప్‌టాప్‌లో పని చేసుకోవచ్చా? ఏమీ అనరా? తెల్లవారుజామున రైలు దిగితే, లాడ్జిలో గది ఇచ్చేదాకా ఏం చేయాలి?

చేసుకోవచ్చండి. నేను మూడేళ్లకు పైగా చేస్తున్నాను. ఒక కాఫీ కొని రెండు గంటలు కూర్చుంటే లేవమంటారేమోనని మీ భయం. లేవమనడం, అనకపోవడం చాలావరకు మీరు ఏ వేళకి వెళ్తారన్న దాని మీదే ఉంటుంది.

నాకీ అలవాటు వెల్లూరులో మొదలైంది. 2022లో నాన్నగారి వైద్యం కోసం అక్కడ మూడు వారాలు ఉండాల్సి వచ్చింది. ఆసుపత్రి చుట్టుపక్కల లాడ్జీలు ఎలా ఉంటాయో వెళ్లినవాళ్లకు తెలుసు. రెండు మంచాలు, ఒక ఫ్యాను, బట్టలు తగిలించుకోవడానికి గోడకి మేకులు. బల్ల ఉండదు. నాన్నగారు మందులు వేసుకుని మధ్యాహ్నం పడుకునేవారు. లైటు వేసినా, ఫోన్లో మాట్లాడినా మెలకువ వచ్చేసేది. నాది ఫ్రీలాన్స్ అనువాదం పని. పేజీలు పంపితేనే డబ్బు, ఆ డబ్బుతోనే లాడ్జి అద్దె. ఆ మూడు వారాలూ పది నిమిషాల నడక దూరంలో ఉన్న ఒక బర్గర్ షాపే నాకు ఆఫీసు.

అంతకుముందు ఒక టిఫిన్ హోటల్లో కూర్చుని చూశాను. అది తప్పని మొదటి రోజే అర్థమైంది. మన హోటళ్లలో బల్ల ఎంత త్వరగా ఖాళీ అయితే అంత వ్యాపారం. మనం చెయ్యి కడుక్కోకముందే కుర్చీ వెనక ఒకరు వచ్చి నిలబడతారు. అక్కడ ల్యాప్‌టాప్ తెరిస్తే ఆ యజమాని కడుపు కొట్టినట్టే. బెంగళూరులో దర్శినులనే చిన్న టిఫిన్ హోటళ్లుంటాయి, వాటిలో చాలాచోట్ల నిలబడి తినే బల్లలే కాబట్టి ఆ ఆలోచనే అక్కర్లేదు. పెద్ద ఫాస్ట్‌ఫుడ్ షాపుల తీరు వేరు. కౌంటర్ దగ్గర స్విగ్గీ, జొమాటో కుర్రాళ్లు సంచుల కోసం నిలబడి ఉంటారు, పై అంతస్తులో బల్లలు ఖాళీగా ఉంటాయి. ఖాళీ బల్ల దగ్గర మీరు కూర్చుంటే వాళ్లకి పోయేదేమీ లేదు.

అందుకే వేళ ముఖ్యం అన్నాను. షాపు తెరిచినప్పటి నుంచి పన్నెండున్నర దాకా, మళ్లీ మూడు నుంచి ఆరు దాకా హాయిగా ఉంటుంది. ఒంటిగంట నుంచి మూడు దాకా భోజనాల వాళ్లు, ఏడు దాటితే పిల్లలతో వచ్చే కుటుంబాలు. శని, ఆదివారాలు అసలు పెట్టుకోకండి. వేరే ఊళ్లో ఒక ఆదివారం నలుగురు కూర్చునే బల్ల నేనొక్కడినే ఆక్రమించుకుని పని చేస్తూ ఉండిపోయాను. చంటిపాపను ఎత్తుకుని ఒకావిడ ట్రేతో చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నారు, నేను చూసుకోలేదు. మేనేజర్ వచ్చి మెల్లగా, "సార్, కొంచెం..." అన్నారు. ఆయన మర్యాదగానే అన్నారు, తప్పు నాదే. ఆ రోజు నుంచి ఇద్దరు కూర్చునే చిన్న బల్ల తప్ప వేరేది తీసుకోను. ఎవరైనా చోటు వెతుక్కుంటూ కనిపిస్తే అడగకముందే లేస్తాను.

కూర్చున్నందుకు డబ్బు ఇవ్వాలి కదా, దాన్ని నేను గంటల లెక్కన చూసుకుంటాను. వెళ్లగానే ఒక కాఫీ, గంటన్నర తర్వాత తినడానికి ఏదో ఒకటి. పూటకి నాకు రెండు వందల చిల్లర అయ్యేది. పని చేసుకోవడానికి బల్ల అద్దెకిచ్చి, రోజుకి ఐదారు వందలు అడిగిన కో-వర్కింగ్ చోట్ల కంటే ఇది నయం, పైగా తిండి కూడా అందులోనే అయిపోతుంది. శాకాహారులు లోపలికి వెళ్లడానికే సంకోచిస్తుంటారు. మన దేశంలో మెక్‌డొనాల్డ్స్‌లో గొడ్డు మాంసం, పంది మాంసం అమ్మరు, శాకాహారం విడిగా వండుతారు. డామినోస్ చిన్న ఊళ్లలో కూడా దొరుకుతుంది కానీ చాలాచోట్ల నాలుగైదు బల్లలే ఉంటాయి, అక్కడ ఎక్కువసేపు కూర్చోవడం నాకు మనస్కరించదు.

ప్లగ్ పాయింట్ మీద ఆశ పెట్టుకోకుండా బ్యాటరీ నిండా ఛార్జ్ చేసుకుని వెళ్లండి. గోడ పక్క సోఫా కింద ఒకటి కనిపించినా, అడిగాకే పెట్టుకోండి. వైఫై ఉన్నచోట ఫోన్ నంబరుకి ఓటీపీ వస్తుంది, వేగం మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండదు. నేను ఫోన్ హాట్‌స్పాట్‌నే వాడతాను. మాల్ కింది అంతస్తులో అయితే సిగ్నల్ ఉందో లేదో చూసుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి. బ్యాంకు పనులు ఆ వైఫై మీద చేయొద్దు. గోడకి వీపు పెట్టి కూర్చుంటే మీ స్క్రీన్ వెనకవాళ్ల కంట పడదు.

ఒంటరిగా వెళ్లేవాళ్లకి అసలు ఇబ్బంది టాయిలెట్. ల్యాప్‌టాప్ ఎవరికో అప్పజెప్పి వెళ్లడం నాకు ధైర్యం చాలదు. అందుకని పెద్ద బ్యాగు లాడ్జిలోనో స్టేషన్ క్లోక్‌రూమ్‌లోనో వదిలేసి, భుజానికి వేసుకునే చిన్న బ్యాగుతో వెళ్తాను. లేచినప్పుడు ల్యాప్‌టాప్ నాతోనే వస్తుంది, బల్ల మీద నీళ్ల సీసా ఉంటుంది.

వీడియో మీటింగులు, ఇంటర్వ్యూలు మాత్రం అక్కడ వద్దు. పాటలు మోగుతుంటాయి, ఆర్డర్ నంబర్లు పిలుస్తుంటారు, ఏ క్షణంలో పుట్టినరోజు పార్టీ మొదలవుతుందో తెలియదు. రాయడం, చదవడం, సరిదిద్దడం లాంటి పనులకే అది సరిపోతుంది.

తెల్లవారుజామున రైలు దిగి, లాడ్జిలో గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వమంటే ఏం చేయాలనీ అడిగారు కదా. ఆ వేళకి ఈ షాపులు చాలాచోట్ల తెరవరు. స్టేషన్ వెయిటింగ్ హాల్లోనే స్నానం కానిచ్చి మెయిల్స్ చూసుకోండి. స్టేషన్లలో ఉండే రైల్‌వైర్ వైఫై రోజూ మొదటి అరగంట ఉచితం, దానికి అది చాలు. పదకొండు దాటాక షాపుకి వెళ్లండి.

నాలాగా గదిలో పేషెంట్‌ని వదిలి వెళ్లేవాళ్లయితే, ఫోన్ సైలెంట్‌లో పెట్టినా వాళ్ల నంబరు మాత్రం మోగేలా పెట్టుకోండి. ఎంత మంచి షాపైనా నడిచి పది నిమిషాల్లో గదికి చేరలేకపోతే వద్దు. వెల్లూరులో రెండుసార్లు నేను సగం కాఫీ వదిలేసి పరుగెత్తాను.