డాక్టర్ సలహా: కారం సంగతి సరే, ఆ గిన్నెలో ఉప్పెంత?

ప్రశ్న: మేం హ్యూస్టన్‌లో ఉంటాం. వసంతకాలం వచ్చిందంటే ఇక్కడ ఎవరి పెరట్లో చూసినా క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) బాయిలే. వచ్చే నెల మా ఇంట్లో కూడా లూసియానా కేజున్ పద్ధతిలో, బాగా కారంగా, క్రాఫిష్, రొయ్యలు, పీతలు, మొక్కజొన్న, బంగాళాదుంపలు, సాసేజ్ అన్నీ ఒకే గిన్నెలో ఉడికించి పదిమందినీ పిలుద్దామనుకుంటున్నాం. మా వారికి 47 ఏళ్లు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. జనవరిలో కాలి బొటనవేలు వాస్తే గౌట్ అన్నారు. భీమవరం నుంచి వచ్చిన మా నాన్నగారికి 71 ఏళ్లు. షుగర్‌కు గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటారు. గుండెకు స్టెంట్ ఉంది. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.7. నాకు ఎసిడిటీ. మా బాబుకు తొమ్మిదేళ్లు. నిరుడు రొయ్యల వేపుడు తిన్న కాసేపటికే పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. సిట్రిజిన్ వేస్తే తగ్గింది. ఆ తర్వాత మళ్లీ పెట్టలేదు. ఇంత కారం మా వాళ్లకు పడుతుందా? ఎంతవరకు తగ్గించాలి?
– ఒక పాఠకురాలు

సలహా: మీరు కారం గురించి టెన్షన్ పడుతున్నారు. నాకు మాత్రం ఉత్తరం చివర్లో మీరు రాసిన బాబు సంగతే ముందు కనిపించింది. అది తేలకుండా పొయ్యి వెలిగించవద్దు.

రొయ్యలు తిన్న కాసేపటికే పెదవులు వాచి దద్దుర్లు వచ్చాయంటే అలర్జీ అనే అనుకోవాలి. సిట్రిజిన్‌తో తగ్గింది కాబట్టి చిన్నదేలే అనుకోవడానికి లేదు. ఒకసారి దద్దుర్లతో పోయింది, ఇంకోసారి గొంతు దాకా వెళ్లదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. రొయ్యలు, పీతలు, క్రాఫిష్ మూడూ క్రస్టేషియన్లనే ఒకే వర్గం కిందికి వస్తాయి. వీటిలో అలర్జీ తెచ్చే ముఖ్యమైన ప్రొటీన్ పేరు ట్రోపోమయోసిన్. ఎంతసేపు మరిగించినా అది విరగదు, పైగా ఉడికించిన నీళ్లలోకి దిగుతుంది. అందుకే "రొయ్యలు తీసేసి, వాడికి మొక్కజొన్న కండె ఒక్కటి ఇస్తాను" అంటే కుదరదు. ఆ నీళ్లలో ఉడికిన కండె కూడా వాడికి రొయ్యతో సమానమే. మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి పీల్చినా కొందరికి దగ్గు, ఆయాసం మొదలవుతాయి.

మీకు ఇంకా నెల టైముంది. అలర్జీ స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. చర్మం మీద చేసే ప్రిక్ టెస్టు, రక్తంలో ఐజీఈ పరీక్ష చూసి, జరిగిన సంగతి విని ఆయన తేలుస్తారు. చేపల అలర్జీ వేరు, ఇది వేరు. కాబట్టి బాబు ఇప్పటికే చేపలు హాయిగా తింటుంటే మానిపించనక్కర్లేదు. అలర్జీ అని తేలితే ఎపినెఫ్రిన్ ఆటో ఇంజెక్టర్ (అలర్జీ ముదిరితే వెంటనే పొడిచే ఇంజెక్షన్ పెన్ను) రాసిస్తారు. అది ఇంట్లో ఒకటి, స్కూల్లో ఒకటి ఉండాలి. గొంతు బొంగురుపోవడం, ఆయాసం, వరసగా వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే ముందు వేయాల్సింది ఎపినెఫ్రినే, సిట్రిజిన్ కాదు. తొడ బయటివైపు, అవసరమైతే బట్టల మీద నుంచే పొడిచి, 911కు ఫోన్ చేసి, పిల్లాడిని పడుకోబెట్టండి. ఊపిరాడక పడుకోలేకపోతే కూర్చోబెట్టండి. లేపి నడిపించవద్దు. సిట్రిజిన్ దద్దురును తగ్గిస్తుంది కానీ పడిపోతున్న బీపీని లేపలేదు.

అప్పటిదాకా ఏం చేయాలంటారా? నేనైతే ఈసారికి పెంకు ఉన్నవేవీ గిన్నెలో వేయను. లూసియానా వాళ్లే ఈ బాయిల్‌లో టర్కీ మెడ ముక్కలు, కోడిగుడ్లు కూడా వేస్తారు. చికెన్ లెగ్స్, గుడ్లు, పుట్టగొడుగులు, మొక్కజొన్న, ఆ మసాలా వేసి చేయండి. చికెన్ లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 165 ఫారెన్‌హీట్‌కు చేరాలి. గిన్నె మాత్రం అరువు తెచ్చుకోకండి, లోపల పాత క్రాఫిష్ వాసన ఉంటే వాడికి ప్రమాదం అలాగే ఉన్నట్టే. తన ఇంట్లో పార్టీకి తననే వేరే ఇంటికి పంపేయడం కంటే ఇది మేలు కదా. పరీక్షలో అలర్జీ లేదని డాక్టర్ చెబితే అప్పుడు క్రాఫిష్ తెచ్చుకోండి. సీజన్ ఎలాగూ మే దాకా జోరుగానే ఉంటుంది.

ఇక పెద్దవాళ్ల సంగతి. మీరడిగిన కారం నుంచే మొదలుపెడతాను. కేజున్లంటే 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు నోవా స్కోషియా ప్రాంతం నుంచి వెళ్లగొడితే లూసియానా చేరిన ఫ్రెంచ్ అకేడియన్ల వారసులు. కానీ వాళ్ల బాయిల్ మసాలా సంచీ విప్పి చూస్తే మనకు కొత్తదేమీ కనపడదు. ఆవాలు, ధనియాలు, లవంగాలు, సోయికూర (డిల్) గింజలు, బే ఆకు, ఆల్‌స్పైస్, కయెన్ మిరప కారం. గోదావరి జిల్లాలో పీతల ఇగురు తిని పెరిగిన మీ నాన్నగారిని ఇది బెదిరించేది కాదు. మిరపకారం వల్ల కడుపులో అల్సర్ రాదు. ఎక్కువ అల్సర్లు హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా వల్లో, నొప్పి మాత్రల వల్లో వస్తాయి. మీకున్న ఎసిడిటీ మాత్రం కారంతో, అంతకంటే ఎక్కువగా వెన్నతో, రాత్రి పొద్దుపోయి కడుపు నిండా తినడంతో పెరుగుతుంది. సాయంత్రం ఆరింటికల్లా తినేసి, తిన్నాక మూడు గంటలపాటు నడుం వాల్చకపోతే చాలామందికి అంతగా మండదు. నోరు మండితే నీళ్లు తాగి లాభం లేదు, పాలో పెరుగో తాగండి. తొక్క తీసిన చేత్తో కళ్లు నులుముకోవద్దని, కాంటాక్ట్ లెన్సులుంటే ముందే తీసేయమని అతిథులకు చెప్పండి.

కారం కథ అంతే. అసలు చిక్కు ఉప్పుతో.

మార్కెట్లో దొరికే బాయిల్ పొడి ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. చాలావాటిలో పదార్థాల వరసలో మొదట ఉండేది ఉప్పే. దానిపైన విడిగా ఇంకో ఉప్పు డబ్బా గుమ్మరించే వాళ్లున్నారు. ఈ వంట పద్ధతి కూడా ఉప్పు లోపలికి పట్టేలాగే ఉంటుంది. క్రాఫిష్ మరిగేది మూడు నుంచి ఐదు నిమిషాలే. ఆ తర్వాత మంట ఆపి, ఆ నీళ్లలోనే 20 నుంచి 30 నిమిషాలు నాననిస్తారు. కారం, ఉప్పు లోపలికి దిగేది అప్పుడే. క్రాఫిష్‌కు పెంకైనా అడ్డముంది. బంగాళాదుంప, పుట్టగొడుగు, కండె గింజల సందులు ఆ నీళ్లను నేరుగా పీల్చేస్తాయి. "రొయ్యలు మానేసి దుంపలే తిన్నానండీ" అని చెప్పిన పేషెంట్‌కు మర్నాడు బీపీ 170 చూశాను. సాసేజ్ రెండు మూడు ముక్కల్లోనే 500 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. చివర్లో పోసే వెల్లుల్లి వెన్న సాస్‌లో మళ్లీ అదే పొడి కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన రోజుకు సోడియం 2,000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక్క టీస్పూన్ ఉప్పులోనే 2,300 ఉంటుంది.

దీనికి దారి ఏమిటంటే, ఉప్పు తగ్గించి నానే టైమును మాత్రం అలాగే ఉంచాలి. పొడి మానేసి, ఉప్పు లేని గింజల మసాలా సంచీనో, చుక్కల్లో వాడే ద్రవాన్నో కొనండి. లేబుల్ మీద సోడియం అంకె చూశాకే సుమా. లేదంటే ఇంట్లోనే కట్టుకోవచ్చు. ఆరు లీటర్ల నీళ్లకు ధనియాలు మూడు టేబుల్ స్పూన్లు, ఆవాలు రెండు, మిరియాలు ఒకటి, లవంగాలు ఎనిమిదో పదో, బే ఆకులు నాలుగు గుడ్డలో మూట కట్టి వేయండి. కయెన్ కారం మూడు టేబుల్ స్పూన్లు, అడ్డంగా కోసిన వెల్లుల్లి గడ్డలు మూడు, ఉల్లిపాయలు, సెలరీ కూడా పడాలి. ఉప్పు రెండు టేబుల్ స్పూన్లకు మించవద్దు. ఇవన్నీ 20 నిమిషాలు మరిగాక దుంపలు వేయండి. అవి మెత్తబడుతుండగా కండెలు, చివర్లో (బాబుకు అలర్జీ లేదని తేలితేనే) క్రాఫిష్. రొయ్యలైతే రెండు మూడు నిమిషాలు చాలు, ఎక్కువైతే రబ్బరులా సాగుతాయి, వాటిని నాననివ్వకుండా తీసేయాలి. నిమ్మకాయలు నాలుగు మంట ఆపాక పిండండి. పులుపు బాగా తగిలితే ఉప్పు తక్కువైన సంగతి నాలుకకు తెలియదు. నాన్నగారి దుంపలు మాత్రం వేరే గిన్నెలో ఉప్పు లేకుండా ఉడికించండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఉప్పు తగ్గించమన్నానని "లో సోడియం సాల్ట్" తెచ్చి వాడకండి. వాటిలో చాలావరకు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. క్రియాటినిన్ 1.7 ఉండి, టెల్మిసార్టాన్ వాడే మనిషికి ఒంట్లో పొటాషియం బయటికి పోవడం అసలే తక్కువ. అది రక్తంలో పెరిగితే గుండె కొట్టుకునే లయ తప్పుతుంది. ఆయనకు మామూలు ఉప్పే, తక్కువగా వేయడం మంచిది. బంగాళాదుంపలోనూ పొటాషియం ఉంది కాబట్టి చిన్న దుంప ఒకటితో సరిపెట్టండి.

నాన్నగారి విషయంలో ఇంకొకటి. ఏడింటికి భోజనం అన్న బాయిల్ తొమ్మిదికి గానీ బల్ల మీదకు రాదు. ఆయన అలవాటు ప్రకారం గ్లిమెపిరైడ్ వేసుకుని ఖాళీ కడుపుతో పెరట్లో కూర్చుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం అంటే అదే. మాత్ర ఆయన ముందుకు ప్లేటు వచ్చాకే ఇవ్వండి. ఆలస్యమయ్యేలా ఉంటే మామూలు టైముకే వేరే భోజనం పెట్టేయండి. రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఉంటుందని స్టెంట్ వేయించుకున్నవాళ్లు భయపడతారు. 100 గ్రాములకు సుమారు 190 మిల్లీగ్రాములు ఉన్న మాట నిజమే కానీ వాటిలో శాచురేటెడ్ కొవ్వు నామమాత్రం. గుండెకు బరువయ్యేది పైన పోసే వెన్న. అమెరికా వెన్న స్టిక్ ఒక్కదానిలో, అంటే 113 గ్రాముల్లో, 57 గ్రాముల దాకా శాచురేటెడ్ కొవ్వు ఉంటుంది. హ్యూస్టన్‌లో వియత్నామీయులు చేసే వెల్లుల్లి వెన్న క్రాఫిష్ ఎంత రుచో నాకూ తెలుసు. మీరు ఆలివ్ నూనెలో వెల్లుల్లి వేయించి, ఒక చెంచా వెన్న వాసనకు కలపండి.

మీ వారి గౌట్‌కు, అంటే యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే జబ్బుకు, ఇవి పూర్తిగా నిషేధమేమీ కాదు, లెక్క ఉండాలి. లూసియానాలో మనిషికి మూడు నుంచి ఐదు పౌండ్ల క్రాఫిష్ లెక్కేస్తారు. తొక్క తీస్తే మాంసం ఆ బరువులో 15 శాతమే వస్తుంది. అంటే మూడు పౌండ్లకు దాదాపు 200 గ్రాములు. ఆయన దానిలో సగంతో ఆపాలి. బీర్ మాత్రం ఆ రోజు వద్దే వద్దు. గౌట్ తిరగబెట్టడానికి రొయ్యల కంటే బీర్ పెద్ద కారణం, రెండూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. నీళ్లు బాగా తాగాలి. యూరిక్ యాసిడ్ మాత్రలు వాడుతుంటే ఆ రోజుకు మానేయకూడదు. క్రాఫిష్ తలకాయ పీల్చడం అక్కడి సరదా. అందులో పసుపుపచ్చగా ఉండేది కొవ్వు కాదు, దాని కాలేయం లాంటి అవయవం. నీళ్లలోని కలుషితాలు చేరేదీ అక్కడే, ఉప్పు నీరు నిలిచేదీ అక్కడే. మీ ఇంట్లో మగవాళ్లిద్దరూ దాన్ని వదిలేస్తే మంచిది.

క్రాఫిష్ కొనేటప్పుడు ప్రాణంతో కదులుతున్నవే తీసుకోండి, చచ్చినవి ఏరి పారేయండి. ఉప్పు నీళ్లలో వేస్తే కడుపులోని మురికి కక్కేస్తాయని చెబుతారు, అది పనిచేయదు. నీళ్లు తేటబడేదాకా మంచినీళ్లతో కడిగితే చాలు. చేతికి గాయముంటే పచ్చి పీతలు ముట్టుకునేటప్పుడు గ్లవుజులు వేసుకోండి. గల్ఫ్ తీరపు నీళ్లలో ఉండే విబ్రియో బ్యాక్టీరియా షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు గాయం గుండా ఎక్కితే ప్రాణం మీదకు వస్తుంది. ఉడికినవాటిని పచ్చివి తెచ్చిన ఐస్ బాక్సులోనే మళ్లీ పోయవద్దు. ప్రొపేన్ బర్నర్ గరాజ్‌లో వెలిగించవద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. పిల్లలు గిన్నె చుట్టూ తిరగకుండా ఒక పెద్దమనిషి అక్కడే ఉండాలి. వేడినీళ్లు మీద పడితే కుళాయి కింద 20 నిమిషాలు ఉంచండి, టూత్‌పేస్ట్ పూయకండి.

తిన్న 24 గంటల్లోపు ఎవరికైనా ఒళ్లంతా కండరాల నొప్పులు వచ్చి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఎమర్జెన్సీకి వెళ్లి, క్రాఫిష్ తిన్నామని చెప్పండి. హాఫ్ డిసీజ్ అంటారు, అరుదే కానీ కిడ్నీలు దెబ్బతింటాయి. మిగిలినవి రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, బయట 90 ఫారెన్‌హీట్ దాటిన ఎండ ఉంటే గంటలోపే. గిన్నెలో మిగిలిన మసాలా నీళ్లతో మర్నాడు పులావ్ వండుదామని చాలామందికి అనిపిస్తుంది. ఆ నీళ్లు పారబోయండి.