ఒకే శాంపిల్‌కి రెండు ల్యాబుల్లో రెండు బిలిరుబిన్ నంబర్లు వస్తే ఏది నమ్మాలి?

కావలిలో తీసిన మీ బాబు రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో ఒంటికి పసుపు తెచ్చే పదార్థం) అక్కడ 14.8 వచ్చిందని, అదే ట్యూబు నెల్లూరు పంపిస్తే మర్నాటికి 11.9 వచ్చిందని రాశారు. బాబుకి కామెర్లు తగ్గినట్టేనా అని మీ ప్రశ్న. కాదమ్మా. బిడ్డకి నయమైతే ఆ తర్వాత తీసిన రక్తంలో తెలుస్తుంది గానీ, నిన్న తీసిన ట్యూబులో ఎలా తెలుస్తుంది?

నేను నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. బిలిరుబిన్‌కి వెలుతురు పడదు. నేరుగా ఎండ తగిలితే గంటలో సగం దాకా పడిపోవచ్చు. పసిబిడ్డల్ని నీలం లైటు కింద పెట్టేదీ ఇందుకే. ఒళ్లో తగ్గితే మేలు, ట్యూబులో తగ్గితే ప్రమాదం.

ఒకసారి ఒక క్లినిక్ నుంచి మిట్టమధ్యాహ్నం బైకు మీద, పల్చటి ప్లాస్టిక్ కవర్లో శాంపిల్ వచ్చింది. మా దగ్గర 12 వచ్చింది. పిల్లల డాక్టరు గారు బిడ్డ అరికాళ్లు చూసి, ఇంత పసుపుకి ఈ నంబరు సరిపోదన్నారు. మళ్లీ తీసి, ట్యూబుకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి తెప్పిస్తే 17 దాటింది. అప్పట్నుంచీ ఫాయిల్ లేకుండా వచ్చిన పసిబిడ్డల శాంపిల్ నేను తీసుకోను.

ఇంకోటి, పసిబిడ్డకి మడమలో గుచ్చి రక్తం తీసేటప్పుడు గట్టిగా పిండితే రక్తకణాలు చిట్లి సీరం (రక్తం గడ్డకట్టాక విడిపోయే ద్రవం) ఎర్రగా వస్తుంది. మేం సీరంలో డయాజో రీఏజెంట్ (బిలిరుబిన్‌తో కలిసి రంగు తెచ్చే రసాయనం) కలిపి, వచ్చిన గులాబీ రంగును 546 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తాం. చిట్లిన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ రంగు రాకుండా అడ్డుపడి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే రిపోర్టులో ‘హీమోలైజ్డ్’ (అంటే రక్తకణాలు చిట్లిన శాంపిల్) అని ఉందేమో చూడండి. మెషీన్లలో కొద్దిపాటి తేడా ఉంటుంది, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. మూడు పాయింట్ల తేడా మాత్రం వదిలేసేది కాదు.

ఈరోజే కొత్తగా రక్తం తీయించండి. ఫాయిల్ చుట్టమని మొహమాటపడకుండా అడగండి. బాబు లైటు కింద ఉంటే, రక్తం తీసేంతసేపు లైటు ఆపమనండి. రిపోర్టు మీద తీసిన టైమ్ రాయించండి, ఎందుకంటే బిడ్డ పుట్టి ఎన్ని గంటలైందన్న లెక్కతోనే డాక్టరు ఆ నంబరును చూస్తారు. పెద్దవాళ్ల 1.2 హద్దు పసిబిడ్డకి వర్తించదు. పసరు మందు ఎవరు చెప్పినా పోయకండి.

బాబు పాలు సరిగ్గా తాగకపోయినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, అరచేతులు, అరికాళ్ల దాకా పసుపు దిగినా రిపోర్టు కోసం ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.