జానపద బృందంలో ఫ్లూట్ వాయించాలంటే ఏమేం కావాలి, దాని మీద బతకొచ్చా?

మూడేళ్ళు కర్ణాటక పద్ధతిలో వేణువు నేర్చుకున్నారు, సిద్దిపేట వైపు ఒక జానపద బృందం రమ్మంటోంది, ఏ ఫ్లూట్లు కొనాలి, స్టేజి మీద ఏం చేయాలి, దీని మీద బతకొచ్చా అని అడిగారు. ముందు చివరి ప్రశ్న తేల్చేద్దాం. కేవలం జానపద ప్రోగ్రాముల మీదే ఇల్లు గడిచే ఫ్లూట్ వాద్యకారులు చాలా తక్కువ. స్టూడియో పని, భజన బృందాలు, కూచిపూడి అరంగేట్రాలు, పిల్లలకు పాఠాలు, వీటన్నిటి మధ్య జానపదం ఒకటిగా ఉంటే నడుస్తుంది.

దీనికి కారణం మన కళల్లోనే ఉంది. ఒగ్గుకథకు ఒగ్గు (డమరుకం), డోలు, తాళాలు, సన్నాయి లాంటి నపీర కావాలి. బుర్రకథకు తంబుర, గుమ్మెటలు. శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్ళకు తప్పెటలే. అరకు గిరిజనుల ధింసా ఆటలో ఊదే వాద్యం ఉంది కానీ అది సన్నాయి లాంటి మోరి. పిల్లనగ్రోవి అంటే గొర్లకాడ ఒంటరిగా ఊదుకునేది, ఆటపాటల జట్టులో దానికి సొంత చోటు తక్కువ. స్టేజి బృందాలు, రేడియో, క్యాసెట్లు వచ్చాకే అది జానపద పాట పక్కన గట్టిగా కూర్చుంది. అంటే డప్పు రాకపోతే ప్రోగ్రాం ఆగిపోతుంది, ఢోలక్ రాకపోతే ఆగిపోతుంది, మీరు రాకపోతే ఆగదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఏ ఫ్లూట్ కొనాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఎంత అడగాలి అన్నవన్నీ తేలిగ్గా తేలుతాయి.

అన్నిటికంటే ముందు శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే ‘స’ ఎంత ఎత్తులో ఉందన్నది. కచేరీలో ఒక శ్రుతి పెట్టుకుంటే రెండు గంటలూ అదే. ఇక్కడ ప్రతి గాయకుడికీ ఒక శ్రుతి, ఒక్కోసారి ప్రతి పాటకీ ఒకటి. ఆడగొంతులు ఎక్కువగా ఐదు నుంచి ఆరున్నర మధ్య పాడతాయి. మగవాళ్ళు ఒకటి నుంచి మూడు దాకా, ఆరుబయట ఉత్సాహం వస్తే నాలుగుకీ వెళ్తారు. మన లెక్కలో ఒకటి అంటే కీబోర్డు మీద సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ, ఏడు బి. మధ్యలోని నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర ఉండదు. కీబోర్డు వాయించేవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలు చెప్తారు, హార్మోనియం వాళ్ళు అంకెలు చెప్తారు. రెండూ తడుముకోకుండా రావాలి.

పన్నెండు శ్రుతులకు పన్నెండు ఫ్లూట్లు మోయనక్కర్లేదు. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు శ్రుతుల ఫ్లూట్లు ఐదు తీసుకోండి. మధ్యమాన్ని (మ) షడ్జంగా (స) పట్టుకుంటే అవే వరసగా నాలుగు, నాలుగున్నర, ఐదు, ఐదున్నర, ఆరు అవుతాయి. ఈ ఐదింటికీ ఫ్లూట్ మీది అంకెకు మూడు కలిపితే చాలు. మిగిలినవి ఆరున్నర, ఏడు. నాలుగు ఫ్లూట్ మధ్యమంలో ఆరున్నర పలుకుతుంది, కాబట్టి ఆరోది అది కొనండి. ఏడు అడిగేవాళ్ళు అరుదు.

మధ్యమ శ్రుతిలో వేళ్ళు ఎలా మారతాయో ముందే ఇంట్లో చూసుకోవాలి. మీ పద్ధతిలో రెండు రంధ్రాలు మూస్తే షడ్జం, మామూలు రంధ్రాలు హరికాంభోజి రాగం స్వరాలు ఇస్తాయి. ఆరూ మూసిన మధ్యమాన్ని షడ్జం చేసుకుంటే అవే రంధ్రాలు శంకరాభరణం రాగం స్వరాలు ఇస్తాయి. మోహన రాగం ఛాయలో నడిచే పాటలకు ఏ ఇబ్బందీ లేదు. కైశిక నిషాదం (తగ్గు ‘ని’) వచ్చే పాటకు మాత్రం మొదటి రంధ్రం సగం మూయాలి. వేగం పెరిగితే మొదట తప్పేది ఆ స్వరమే. ఇంకో చిక్కు, కింది స్థాయిలో షడ్జమే దాదాపు అట్టడుగు. షడ్జం కిందికి దిగే పల్లవి అయితే పై స్థాయిలో ఎత్తుకోవాలి, అప్పుడు శబ్దం కాస్త పదునుగా వస్తుంది.

కొనేటప్పుడు చాలామంది మోసపోయేది ఒక్కచోటే. బజారులో దొరికే ఆరు రంధ్రాల బాంసురీలు హిందుస్తానీ లెక్కలో ఉంటాయి, మూడు రంధ్రాలు మూస్తే షడ్జం. దాని మీద సి అని రాసి ఉంటే, మీరు రెండు మూసే అలవాటుతో ఊదగానే డి పలుకుతుంది. అందుకే ఆర్డరు పెట్టేటప్పుడు శ్రుతి ఒక్కటే చెప్పకండి, ‘రెండు రంధ్రాలు మూస్తే ఈ స్వరం రావాలి, ఎ 440కి’ (అంటే ఎ స్వరం 440 హెర్ట్జ్ ఉండే కీబోర్డు శ్రుతికి) అని చెప్పండి. ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్ ఈ వేణువులకు పేరున్న ఊరు, వెదురు అస్సాం నుంచి తెప్పిస్తారు. చేతికి రాగానే ట్యూనర్ (శ్రుతి కొలిచేది) పెట్టి, ఫ్లూట్‌ను ఐదు నిమిషాలు ఊది వెచ్చబెట్టాక, కింది షడ్జం, పై షడ్జం రెండూ చూడండి. కింది షడ్జం సరిగ్గా ఉండి పైది బాగా తేడాగా పలికితే తిప్పి పంపేయండి, ఊదడంతో అది సర్దుకోదు. ప్లాస్టిక్ ఫ్లూట్ ఒకటి సంచిలో ఉంచుకోవడం నామోషీ కాదు. వానలో, బోనాల ఊరేగింపులో అదే పనికొస్తుంది.

హిందుస్తానీ వేణు విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ పేరు చెప్పగానే గుర్తొచ్చే పొడుగు బాంసురీ, 32 అంగుళాలది, చూస్తే ఎవరికైనా మనసవుతుంది. స్టూడియోలో ఒక విరహగీతానికి అది బంగారం. రెండు డప్పులు, ఒక రిథమ్ ప్యాడ్ పక్కన మాత్రం దాని మంద్రం (కింది స్థాయి) ఎవరికీ వినపడదు. మొదటి ఏడాది దాని మీద డబ్బు పెట్టొద్దు.

ఇక వాయింపు. మీ గురువుగారు నేర్పిన గమకాల్లో చాలావరకు ఇక్కడ పక్కన పెట్టాలి. కంపితం (స్వరాన్ని ఊపడం) పెడితే పాట సినిమా భక్తిగీతంలా అయిపోతుంది. జారు, చిన్న విసురు, నాలుకతో ‘తు తు’ అని కొట్టే తునక స్వరాలు, ఇవి పనికొస్తాయి. చాలా పాటలు తిశ్రంలో, అంటే మూడేసి దెబ్బల నడకలో, నడుస్తాయి. తకిట తకిట మీద వేగంగా కొట్టాలంటే ఒక్క నాలుక దెబ్బ చాలదు, ‘తు కు తు’ సాధన చేయాలి. రోజూ మెట్రోనోమ్‌తో (తాళం కొట్టే యంత్రం) పదిహేను నిమిషాలు, నిదానంగా మొదలుపెట్టి. బతుకమ్మ పాటల్లాంటివి నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి. అంత చిన్న చోట ఆరో స్వరం దూర్చాలని చేయి లాగుతుంది, దూర్చారంటే పాట చెడుతుంది.

మీ పని మూడు చోట్లే: పాటకు ముందు ఎత్తుగడ, చరణాల మధ్య బిట్, లైను చివర చిన్న పూరకం. ఎత్తుగడ నాలుగు ఆవర్తాలు (తాళం చుట్లు) దాటితే గాయకుడు మైకు పట్టుకుని మీ వైపు చూడ్డం మొదలుపెడతాడు. గాయకుడు నోరు తెరిచి ఉండగా పై స్థాయిలో వాయించకండి, మాట వినపడదు. జానపదంలో మాట పోతే పాటే పోయినట్టు. మీ వాయింపు ఎంత బాగున్నా ఈ ఒక్క తప్పుకు బృందం నుంచి పిలుపులు ఆగిపోతాయి, కారణం మాత్రం మీకు ఎవరూ చెప్పరు.

శ్రుతి ఇవ్వకుండా పాట ఎత్తుకునే గాయకులు ఎక్కువమందే. అప్పుడు కంగారుగా ఫ్లూట్లు మార్చి మార్చి ఊదొద్దు. మొదటి లైను వదిలేయండి. పల్లవి చివర గొంతు ఆగే స్వరం ఎక్కువ పాటల్లో షడ్జమే, దాన్ని పట్టుకుని కీబోర్డు అతని వైపు చూస్తే వేళ్ళతో అంకె చూపిస్తాడు. రెండో లైనుకు సరైన ఫ్లూట్ చేతిలో ఉండాలి. అందుకే సంచిలో ఫ్లూట్లు ఎప్పుడూ ఒకే వరసలో ఉండాలి, కొసన తెల్ల పెయింటుతో అంకె వేసి ఉండాలి. స్టేజి మీద లైట్లు ఆర్పినప్పుడు నల్ల మార్కరు రాత కనపడదు. గాయకుడు చివరి చరణంలో ఉత్సాహంతో అరమెట్టు పైకి జారిపోతే? ఊదే రంధ్రాన్ని కొంచెం బయటికి తిప్పితే స్వరం కాస్త ఎక్కుతుంది, అరమెట్టంతా మాత్రం ఎక్కదు. అక్కడ ఊరుకోవడమే మేలు.

కీబోర్డు శ్రుతి మారదు, వెదురు శ్రుతి మారుతుంది. గాలి పది డిగ్రీలు చల్లబడితే ఫ్లూట్ సుమారు 30 సెంట్లు, అంటే అరస్వరంలో మూడో వంతుకు దగ్గరగా, దిగిపోతుంది. సంక్రాంతి రాత్రులు, మాఘంలో జాతర్లు, ఆ చలిలో పక్కన పెట్టిన ఫ్లూట్ తీసి నేరుగా ఊదితే బేసురుగా వినపడేది ఇందుకే. తరవాతి పాట ఫ్లూట్‌ను ముందే చొక్కా లోపలో చంకలోనో పెట్టుకోండి, రంధ్రాలు మూసి వెచ్చటి ఊపిరి రెండు మూడు సార్లు వదలండి. మే నెల మధ్యాహ్నం దీనికి తిరగబడుతుంది, ఫ్లూట్ పైకెక్కుతుంది. అప్పుడు కీబోర్డులో ట్యూనింగు సవరించమని అడగండి, చాలా కీబోర్డుల్లో ఆ సదుపాయం ఉంది, వాడేవాళ్ళే తక్కువ. డప్పులు కాచే మంట దగ్గర సంచి పెట్టొద్దు. చర్మానికి సెగ కావాలి, వెదురుకు సెగ తగిలితే నిలువునా చీలుతుంది.

చీలిక సన్నగా ఉంటే పనికిరాదని పారేయకండి. ఫెవిక్విక్ రెండు చుక్కలు ఆ గీతలోకి దింపి, ఆరాక పైన నైలాన్ దారం బిగించి చుట్టి, దారం మీద మళ్ళీ ఒక పూత వేస్తే ఏళ్ళు నడుస్తుంది. ఊదే రంధ్రం అంచు దాకా చీలితే మాత్రం ఆశ వదులుకోవాలి. ఆవనూనె గానీ అవిసె నూనె గానీ నెలకోసారి లోపలా బయటా పల్చగా పూసి, ఒక రాత్రి నిలబెట్టి, మిగిలింది గుడ్డతో తుడిచేయండి. నూనె ఎక్కువై ఊదే రంధ్రం అంచున పేరుకుంటే శబ్దం బూజరగా వస్తుంది. ఏసీ హాలు నుంచి ఎండలోకి వచ్చినప్పుడు ఫ్లూట్లను గుడ్డ సంచిలోనే ఉంచండి, కారు డాష్‌బోర్డు మీద అసలు వద్దు.

స్టేజి ఎక్కగానే చూడాల్సింది మైకు కాదు, ఫ్యాను. కళాకారులకు మర్యాద చేద్దామని కమిటీవాళ్ళు పెడస్టల్ ఫ్యాను తెచ్చి మీకు ఎదురుగా పెడతారు. ఆ గాలి ఊదే రంధ్రం మీదుగా కొడితే స్వరం పుట్టదు. దాన్ని డప్పుల వైపు తిప్పించండి, వాళ్ళు సంతోషిస్తారు. ఆరుబయట అయితే గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. మైకుకు స్పాంజి తొడుగు మీ సంచిలోనే ఉంచుకోండి. మామూలు పాటల మైకు చాలు: ఊదే రంధ్రానికీ మొదటి వేలి రంధ్రానికీ మధ్యకు గురిపెట్టి, నాలుగైదు అంగుళాల దూరంలో, మీ ఊపిరి దారికి కాస్త పక్కగా. సరిగ్గా పెదవి ముందు పెడితే ‘ఫు ఫు’ తప్ప ఏమీ వినపడదు. సౌండు అతన్ని 150 హెర్ట్జ్ కంటే కింది బరువు శబ్దాన్ని కోసేయమనండి, డప్పు దుమారం మీ మైకులోకి రావడం తగ్గుతుంది. ఎకో మాత్రం మొహమాటం లేకుండా తగ్గించమని చెప్పాలి. ఫ్లూట్ కనపడగానే ఎకో పూర్తిగా తిప్పేయడం మన దగ్గర సౌండువాళ్ళకు అలవాటు. నిదానం పాటకు పర్వాలేదు, తిశ్రంలో తునక స్వరాలన్నీ ముద్దయిపోతాయి.

తొమ్మిదికన్న ప్రోగ్రాం పదకొండుకు మొదలవుతుంది, ముందు సన్మానాలుంటాయి. అప్పటిదాకా కడుపు నిండా తినకండి, నీళ్ళు తాగుతూ ఉండండి, పెదవులు ఎండితే స్వరం చిట్లుతుంది. కళ్ళు తిరిగినట్టయితే ఊపిరి అవసరానికి మించి తీసి వదులుతున్నారని అర్థం. చరణం పాడుతున్నంతసేపు మామూలుగా గాలి పీల్చండి.

ఏడాది పంచాంగం చూసి లెక్కేసుకోవాలి. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, ఆషాఢంలో బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ, కార్తీకం. మధ్యలో మూఢం వస్తే పెళ్ళి సంగీతాలు ఉండవు, ఆ నెలలు స్టూడియో పనికి, పాఠాలకు పెట్టుకోండి. బృందం నాయకుడితో డబ్బు ముందే మాట్లాడుకోండి: ఎన్ని గంటలు, దారి ఖర్చు ఎవరిది, తిండి, రాత్రి పడక, ప్రోగ్రాం రద్దయితే ఎంత. అడ్వాన్సు లేకుండా వేరే పిలుపు వదులుకోవద్దు. ప్రభుత్వ కార్యక్రమాల డబ్బు ఖాయంగా వస్తుంది కానీ ఆలస్యంగా వస్తుంది, బృందం ఖాతాలో పడుతుంది. మీ వాటా ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకుంటే తరవాత మనసులు విరగవు. పాన్ కార్డు లేకపోతే పన్ను కోత ఎక్కువ.

నిలకడగా నాలుగు రూపాయలు వచ్చేది యూట్యూబ్ జానపద పాటల బిట్ల దగ్గరే. ట్రాక్, టెంపో (వేగం) అంకె, శ్రుతి, క్లిక్కు (తాళం టిక్‌టిక్‌మనే చప్పుడు) పంపమని అడగండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే ఛానెల్), రివర్బ్ (గది గూంజు) లేకుండా పచ్చిగా రికార్డు చేయండి. మైకు అడుగు దూరంలో, గదిలో ఫ్యాను ఆపేసి. ఎత్తుగడకు రెండు రకాలు, బిట్‌కు రెండు రకాలు పంపితే చాలు. అయిదారు పంపారంటే ఏది కావాలో తేల్చుకోలేక వాళ్ళు మళ్ళీ మళ్ళీ కొత్తవి అడుగుతూనే ఉంటారు. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో కూడా ధరతో పాటే చెప్పేయండి.