కడుపులోనే మూలకణాలు అయిపోతే బిడ్డ సంగతేంటి?

ప్రశ్న: నాకు అయిదో నెల. కడుపులో బిడ్డకు రక్తం కాలేయంలో తయారవుతుందని చదివాను. మూలకణాలన్నీ ఇప్పుడే రక్తంగా మారిపోతే పుట్టాక ఏం మిగులుతాయి? తెలిసినవాళ్లు మూలకణాలు పెరగడానికని ఒక పొడి ఇచ్చారు, తాగొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అయిపోవండి, ఆ టెన్షన్ వద్దు. పొడి మాత్రం పక్కన పెట్టేయండి, దాని సంగతి చివర్లో చెబుతాను.

రక్తకణాలన్నిటినీ పుట్టించే మూలకణం రెండుగా చీలినప్పుడు పుట్టే రెండు కణాలూ రక్తకణాలు కావాలనేం లేదు. రెండూ మూలకణాలుగానే ఉండిపోవచ్చు, లేదా ఒకటి ఉండిపోయి రెండోది ఎర్రకణమో తెల్లకణమో అయ్యే దారి పట్టొచ్చు. అంటే ఖర్చుతో పాటే జమ కూడా జరుగుతుంటుంది.

అసలు ఇవి ఎక్కడ పుడతాయో వింటే ఆశ్చర్యపోతారు. పిండానికి నాలుగు వారాలు నిండే సమయానికి, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని లోపలి గోడలో, పలకల్లా చదునుగా పరుచుకున్న కణాల్లో కొన్ని మెల్లగా ఉబ్బి, గుండ్రంగా తయారై, పక్కవాటి పట్టు విడిపించుకుని రక్తంలోకి జారిపోతాయి. జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండాల్లో ఇలా జరగడాన్ని 2010లో మైక్రోస్కోప్ కింద ప్రత్యక్షంగా చూశారు కూడా. అలా పుట్టిన మూలకణాలు కాలేయానికి చేరతాయి. అక్కడి పొరుగు కణాలు పంపే సంకేతాలతో చురుగ్గా విభజన చెందుతాయి. మూలకణాల సంఖ్య కాలేయంలోనే విపరీతంగా పెరుగుతుందని చాలాకాలం అనుకున్నాం గానీ, ఆ పెరుగుదల అంత ఎక్కువేమీ కాదని ఎలుకల మీద ఈమధ్య జరిగిన పరిశోధనలు అంటున్నాయి. కాబట్టి ఆ లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు.

మీ బిడ్డకు ఇప్పుడు ప్రధానంగా కాలేయమే రక్తం తయారుచేస్తోంది, ఎముక మజ్జలోనూ పని మొదలైంది. ఏడో నెలకల్లా మజ్జదే పెద్ద చెయ్యి అవుతుంది. పుట్టిన తర్వాత కొన్నాళ్లకు అక్కడి మూలకణాల్లో చాలావరకు నిద్రలోకి జారుకుని, అవసరమైనప్పుడే లేస్తాయి. జీవితాంతం సరిపోవడానికి ఈ నిద్ర కూడా ఒక కారణం. పుట్టేటప్పుడు బొడ్డుతాడు రక్తంలోనూ ఇవి బాగానే ఉంటాయి, ఆ రక్తంతో మొదటి మూలకణ మార్పిడి 1988లో పారిస్‌లో చేశారు.

ఇక మందుల సంగతి. బిడ్డ మూలకణాలను పెంచే మాత్ర గానీ పొడి గానీ ఏదీ లేదు. కానీ విభజన చెందే ప్రతి కణానికీ ఫోలిక్ యాసిడ్ కావాలి, ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు ఐరన్ కావాలి, ఈ రెండూ మాయ ద్వారా మీ దగ్గర నుంచే వెళ్తాయి. అందుకే మీ డాక్టర్ రాసిచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకండి, హిమోగ్లోబిన్ పరీక్ష వాయిదా వేయకండి. మలబద్ధకం వస్తోందని చాలామంది ఐరన్ ఆపేస్తుంటారు, అలా ఆపకుండా డాక్టర్‌కు చెబితే వేరే రకం మారుస్తారు. ఆ పొడి ప్యాకెట్‌ను కూడా ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లి, అందులో ఏముందో వాళ్లకు చూపించండి.