30 అంటే ఏ 30, చిన్నా?

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

సౌదీలోని జుబైల్‌లో హైడ్రోటెస్ట్ ఫిట్టర్‌గా పని, అదే పైపుల్లో, ట్యాంకుల్లో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి పరీక్షించే పని, ఖాయమైందని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో నా పని అందుకున్నవాడివి నువ్వొక్కడివే. సంతోషంతో కొంత, భయంతో కొంత, తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

పాస్‌పోర్టు కాపీలు విడిగా దాచుకో. ఎండలో నీళ్లు తాగుతూ ఉండు. ఇవి నీకు తెలిసినవే.

నా బెంగంతా అంకెల మీదే. అక్కడ డ్రాయింగ్ పీఎస్ఐలో ఉంటే గేజీ బార్‌లో ఉండొచ్చు, ఇంకోదాని మీద ఎంపీఏ ఉండొచ్చు. అన్నీ ఒత్తిడి కొలిచే యూనిట్లే. ఒక బార్ 14.5 పీఎస్ఐ. మన వైజాగ్ షెడ్లలో కేజీ అంటామే, చదరపు సెంటీమీటరుకు కిలో, అది 14.2. ఈ రెంటికీ తేడా నూటికి రెండే కదా అని ఒకటే అనేస్తారు. రిజిస్టర్లో నువ్వలా రాయకు. ఎంపీఏ అంటే 10 బార్. పీఎస్ఐ పక్కన ‘జీ’ ఉందో ‘ఏ’ ఉందో కూడా చూడు. ‘జీ’ ఉంటే మామూలు గేజీ చూపించే లెక్క. ‘ఏ’ ఉంటే వాతావరణ పీడనం కలిపిన లెక్క, సముద్రమట్టం దగ్గర 14.7 పీఎస్ఐ తేడా వస్తుంది. గుణించి పెట్టడానికి ఫోనుంది. దేన్నుంచి దేనికో చెప్పాల్సింది మాత్రం నువ్వే. నేను దెబ్బతిన్నది అక్కడే.

నీకెప్పుడూ చెప్పలేదు. 1994లో ఒక షెడ్డులో పొద్దుటి నుంచీ ఆవిరి లైన్లు టెస్ట్ చేస్తున్నాం, అన్నీ 30 కేజీలు. సాయంత్రం ఒక జాకెట్ వెసెల్, అదే చుట్టూ రెండో రేకు తొడిగిన ట్యాంకు, వచ్చింది. జాబ్ కార్డు మీద ‘టెస్ట్ 30’ అని రాసి ఉంది, యూనిట్ లేదు. అది పీఎస్ఐ. అంటే రెండు కేజీల పైచిలుకు. నేను కేజీలే అనుకున్నాను. అడగడానికి నామోషీ కాదురా, అడగాలన్న ఆలోచనే రాలేదు.

హ్యాండ్ పంపు కొడుతున్నాను. తొమ్మిది కేజీలు దాటాక గేజీ ముల్లు నిలబడిపోయింది. కొడుతుంటే నీళ్లు లోపలికి పోతున్నాయి, ముల్లు మాత్రం కదలదు. లోపల గాలి మిగిలిందేమో అనుకుని ఇంకా కొట్టాను. గాలి కాదు, అవతలివైపు జాకెట్ రేకు పూరీలా ఉబ్బుతోంది. ఫ్లాంజి గ్యాస్కెట్, అదే బోల్టులు బిగించిన అతుకు మధ్య సీలు, పేలింది. లీకు చూడమని ఆ ఫ్లాంజి దగ్గర కూర్చోబెట్టింది నేనే, పంతొమ్మిదేళ్ల హెల్పర్ని. ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి. వాళ్లమ్మకి చెప్పడానికి నేనే వెళ్లాను. గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది. ఆ చేట ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది.

నీళ్లు కాబట్టి ఆ మాత్రంతో పోయింది. నీళ్లు పెద్దగా నొక్కుకోవు, కాస్త చిమ్మగానే ఒత్తిడి పడిపోతుంది. అదే గాలైతే నొక్కిపెట్టిన స్ప్రింగ్ లాంటిది, షెడ్డు లేచిపోయేది. ఎవరైనా తొందరపెట్టి గాలితో కానిచ్చేద్దామంటే, పద్ధతి ప్రకారం రాతపూర్వకంగా అనుమతి వచ్చేదాకా పంపు ముట్టకు. ఉద్యోగం పోతే పోనీ, ఇంటికి వచ్చెయ్. నేనున్నాను.

యూనిట్ లేని అంకె కనబడితే పని ఆపి అడుగు. నీకు నోరెక్కువని చిన్నప్పుడు ఎన్నిసార్లు కొట్టానో. ఆ నోరు అక్కడ బాగా వాడు, నాన్నా. ముల్లు ఆగితే నీ చెయ్యీ ఆగాలి. బోల్టు విప్పే ముందు, గేజీ సున్నా చూపిస్తున్నా సరే, వెంట్, అదే లోపలి ఒత్తిడి బయటికి వదిలే చిన్న వాల్వు, తెరిచి చూడు.

మొదటి టెస్ట్ ఏ రోజో చెప్పు. పంపు కొట్టకముందే గేజీ ఫోటో పంపు, డయల్ కింది చిన్న అక్షరాలు కనబడేలా తియ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య