దురద తగ్గట్లేదు.. రిపోర్టులో ‘జీపీ 210 పాజిటివ్’ అంటే ఏంటి?

ప్రశ్న: నా వయసు 46. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. ఏడెనిమిది నెలలుగా అరచేతులు, అరికాళ్లు ఒకటే దురద. రాత్రయితే నిద్ర పట్టనివ్వదు. దద్దుర్లేమీ లేవు. సెట్రిజిన్ వాడినా గుణం కనిపించలేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (లివర్ టెస్టుల్లో చూసే ఎంజైమ్) ఆరు నెలల తేడాతో చేసిన రెండు టెస్టుల్లోనూ 300 దాటింది. ఏఎన్‌ఏ (కణ కేంద్రకం మీది యాంటీబాడీలు) పాజిటివ్, ఏఎంఏ (మైటోకాండ్రియా మీది యాంటీబాడీలు) నెగెటివ్, జీపీ 210 పాజిటివ్ అని వచ్చింది. అది కణ కేంద్రకం గేటులో ఉండే ప్రోటీన్ అని నెట్‌లో చదివాక టెన్షన్ పెరిగింది. నా కణాల్లో రాకపోకలు ఆగిపోతున్నాయా? ఇది లూపస్సా (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడిచేసే జబ్బు)?
- ఓ పాఠకురాలు

జవాబు: రాకపోకలేమీ ఆగలేదమ్మా. ఆగితే మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదు.

జన్యువులుండే కేంద్రకం చుట్టూ రెండు పొరల గోడ, దానికి వేలల్లో రంధ్రాలు ఉంటాయి. మీ అపార్ట్‌మెంట్ గేటు చూడండి. పిల్లలు అటూ ఇటూ దూరిపోతుంటారు, డెలివరీ అబ్బాయికి మాత్రం ఫ్లాటు నుంచి ఓకే రావాలి. ఇక్కడా అంతే. సుమారు 40 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువుకు కొలత) లోపు ప్రోటీన్లు వాటంతటవే వెళ్లిపోగలవు. అంతకంటే పెద్దవాటి మీద ఓ గుర్తు ఉండాలి. ఆ గుర్తును ఇంపార్టిన్ పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది, అక్కడ రాన్ అనే చిన్న ప్రోటీన్ సరుకును విడిపిస్తుంది. బయటికి తెచ్చే పని ఎక్స్‌పోర్టిన్లది. జన్యువుల నకలైన ఎంఆర్‌ఎన్‌ఏ కూడా ఈ రంధ్రాల్లోంచే బయటపడాలి, లేకపోతే కొత్త ప్రోటీన్ తయారవదు.

జీపీ 210 సరుకు మోసేది కాదు. రంధ్రం ఉన్నచోట పొరలో నాటుకుని ఉండే ప్రోటీన్. మీ రక్తంలో దాని మీద యాంటీబాడీ ఉంది, అంతవరకే. ల్యాబ్‌లో గాజు పలక మీది కణాలపై మీ సీరం వేసి, మెరిసే రంగు కలిపి చూస్తే కేంద్రకం అంచు వెంట ఆకుపచ్చ చుక్కలు వరసగా కనిపిస్తాయి. ఆ కణాల పొరలను ముందే రసాయనాలతో తెరుస్తారు కాబట్టి యాంటీబాడీ లోపలికి వెళ్లింది. బతికున్న కణంలోకి అంత సులువుగా దూరలేదు.

ఈ యాంటీబాడీ వేలు చూపించేది లూపస్ వైపు కాదు, లివర్ వైపు. ప్రైమరీ బైలియరీ కొలాంజైటిస్ అనే జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థే లివర్‌లోని సన్నటి పిత్తనాళాలను దెబ్బతీస్తుంది. 40 దాటిన ఆడవాళ్లలోనే ఎక్కువ. దద్దుర్లు లేని దురద, విపరీతమైన నీరసం దీని లక్షణాలు. పదిమందిలో తొమ్మిదిమందికి ఏఎంఏ పాజిటివ్ వస్తుంది. నెగెటివ్ రాగానే ఈ జబ్బు కాదని కొట్టిపారేయడం మాత్రం పొరపాటు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఆర్నెల్లుగా ఎక్కువే ఉండి, జీపీ 210 కూడా ఉంటే, అల్ట్రాసౌండ్‌లో నాళాలకు అడ్డేమీ లేదని తేలాక చాలామందికి బయాప్సీ అవసరం పడదు.

కాబట్టి చర్మ డాక్టర్ దగ్గర ఆగకుండా లివర్ స్పెషలిస్టును కలవండి. నిర్ధారణ అయితే అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. కిలో బరువుకు రోజుకు 13-15 మిల్లీగ్రాములు, సాధారణంగా జీవితాంతం. ఇది లివర్‌ను కాపాడుతుంది గానీ దురదను పెద్దగా తగ్గించదు. దురదకు కొలెస్టిరమిన్ పొడి వేరుగా ఇస్తారు. రెండింటికీ మధ్య నాలుగు గంటలైనా ఎడం ఉండాలి, లేకపోతే ఆ పొడి ఈ మాత్రను పేగులోనే పట్టేసుకుంటుంది.

జీపీ 210 ఉన్నవారిలో జబ్బు కాస్త ముదిరే అవకాశం ఎక్కువ. ఫాలో అప్ మానకండి. మందు ఎలా పనిచేస్తోందో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, బిలిరుబిన్ చెబుతాయి. ఏఎన్‌ఏ మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. ఎవరో చెప్పారని లివర్ కషాయాలు మొదలుపెట్టకండి. థైరాయిడ్, ఎముకల సాంద్రత పరీక్షల గురించి కూడా డాక్టర్‌ను అడగండి. కళ్లు పచ్చబడితే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.