టెక్ సందేహాలు: అల్లుడుగారి గీత, వెర్మాంట్ మంచు

ప్రశ్న: మేము విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. నేను ఉద్యోగ విరమణ చేశాను. ఫిబ్రవరి మొదట్లో మా ఆవిడా నేనూ బోస్టన్ దగ్గరున్న అమ్మాయి ఇంటికి వెళ్తున్నాం. అల్లుడుగారు మమ్మల్ని వెర్మాంట్ రాష్ట్రంలోని గ్రీన్ మౌంటెన్స్‌కు తీసుకెళ్లి, మూడు రోజులు స్నోమొబైల్ మీద తిప్పుతానంటున్నారు. గూగుల్ మ్యాప్స్‌లో దారి గీసి వాట్సాప్‌లో పంపారు. రోజుకు 120 మైళ్ల చొప్పున ఉంది. అంతకంటే మంచి యాప్ ఏదైనా ఉందా? నా ఫోను కొని రెండేళ్లయింది, బ్యాటరీ బాగానే ఉంది.

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గీత సంగతి తేల్చాలి. గూగుల్ మ్యాప్స్‌కు బాగా తెలిసినవి కార్లు తిరిగే రోడ్లు. స్నోమొబైల్ వాటి మీద నడవదు. ముందు రెండు స్కీలు (మంచు మీద జారే పలకలు), వెనక రబ్బరు పట్టా ఉన్న ఆ బండి పొలాల అంచున, అడవిలోపల, ఎప్పుడో రైళ్లు ఆగిపోయిన మార్గాల మీద యంత్రంతో చదును చేసిన మంచు దారుల్లో వెళ్తుంది. అక్కడ కారు దారికీ మంచు దారికీ పొంతన ఉండదు. ఉదాహరణకు స్టో అనే ఊరి నుంచి స్మగ్లర్స్ నాచ్ కనుమ దాటే 108వ నంబరు రోడ్డునే చూడండి. వేసవిలో అది కార్ల రోడ్డు. చలికాలం మొత్తం మూసేస్తారు. అల్లుడుగారు ఎండాకాలంలో అటు వెళ్లి వచ్చి ఉంటే, ఆ జ్ఞాపకంతోనే గీసి ఉండవచ్చు.

వెర్మాంట్‌లో ఈ మంచు దారులను (ట్రయల్స్) చూసుకునేది 1967లో మొదలైన వాస్ట్ అనే సంఘం. సుమారు 4,700 మైళ్లు, అంటే ఏడున్నర వేల కిలోమీటర్ల దారులు వాళ్ల లెక్కలో ఉన్నాయి. పైనుంచి నడిపేది సంఘమే అయినా, మంచు చదును చేసేదీ బోర్డులు పాతేదీ ఊరూరా ఉన్న క్లబ్బులు. నాకు ముచ్చటేసే విషయం ఏమిటంటే, ఆ దారుల్లో ఎక్కువ భాగం ప్రైవేటు భూముల మీదుగా పోతుంది. రైతు సరేనన్నాడు కాబట్టి దారి ఉంది. రేపు వద్దంటే దారి పక్కకు జరుగుతుంది. అందుకే నిరుడు దించుకున్న మ్యాపును ఈ ఏడు నమ్మకూడదు. సీజన్ డిసెంబరు 16 నుంచి ఏప్రిల్ 15 వరకు. అది కూడా మంచు సరిపడా పడితేనే. ఫిబ్రవరిలో రెండు రోజులు వాన పడినా కొన్ని దారులు మూతపడతాయి.

కాబట్టి మొదట దించుకోవలసింది ఆ సంఘం వారి సొంత మ్యాపే. ఏ దారి తెరిచి ఉందో తెలిసేది అక్కడే. దానికి తోడుగా గయా జీపీఎస్, ఓస్మ్‌అండ్ అనే మ్యాపు యాపుల్లో ఒకటి పెట్టుకోండి. రెండూ ఆఫ్‌లైన్‌లో పనిచేస్తాయి. అల్లుడుగారిని స్క్రీన్‌షాట్ కాకుండా జీపీఎక్స్ ఫైలు పంపమనండి. అందులో దారి మొత్తం అక్షాంశ రేఖాంశాల వరుసగా ఉంటుంది, ఇలాంటి మ్యాపు యాపుల్లో తెరుచుకుంటుంది. బొమ్మలో మీరెక్కడున్నారో తెలియదు, ఫైలులో తెలుస్తుంది. ఇదంతా అమ్మాయి ఇంట్లో వైఫై ఉండగానే ముగించండి. తర్వాత ఫోనును విమానం మోడ్‌లో పెట్టి మ్యాపు తెరవండి. కొండల గీతలతో సహా కనిపిస్తే సరే. తెల్ల గళ్లు కనిపిస్తే అది దిగలేదన్నమాట.

సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. అనంతగిరి ఘాట్ రోడ్డులో మ్యాపు ఆగిపోవడం చూసి ఏర్పడిన అభిప్రాయం అది. అక్కడ ఆగిపోయింది మ్యాపు బొమ్మ, జీపీఎస్ కాదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల మాట వినడానికి ఫోనుకు సిమ్ము కూడా అక్కర్లేదు. ఒక్క తేడా ఉంది. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో టవరు ముందే చెప్పేస్తుంది. లేకపోతే ఫోను ఆ వివరాన్ని ఉపగ్రహం నుంచే నెమ్మదిగా వినాలి, దానికి అరనిమిషమో ఇంకాస్తో పడుతుంది. కాబట్టి బయల్దేరే చోట, సిగ్నల్ ఉండగానే యాప్ తెరిచి మీ చుక్క కదులుతోందో లేదో చూసుకోండి.

ఇక 120 మైళ్లు. అంటే 190 కిలోమీటర్ల పైమాట. విశాఖ నుంచి రాజమహేంద్రవరం వెళ్లినంత. అలవాటున్న కుర్రవాళ్లు వెళ్తారు, కాదనను. మొదటిసారి ఎక్కే మీరూ మేడమ్ గారూ మూడు రోజులూ అలా వెళ్లాలంటే నాలుగో రోజు లేవలేరు. ఆగడాలు, ఫొటోలు, దారి తప్పి వెనక్కి రావడాలు కలుపుకొని గంటకు 20 మైళ్ల లెక్కన వేసుకోండి. ఆ రోజుల్లో అక్కడ సాయంత్రం ఐదు, ఐదున్నర మధ్యే సూర్యుడు దిగిపోతాడు. పెట్రోలు మరో లెక్క. ట్యాంకు నిండా పోయిస్తే వంద మైళ్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. మెత్తటి మంచులో ఇంకా తక్కువ. రోజుకు 50 మైళ్లు పెట్టుకుంటే మధ్యలో బంకు కోసం ఆందోళన ఉండదు. నన్నడిగితే మొదటి రోజు లామాయిల్ వ్యాలీ రైల్ ట్రయల్ మీద ఒక ముక్క చేయమంటాను. సెయింట్ జాన్స్‌బరీ నుంచి స్వాంటన్ దాకా 93 మైళ్ల పాత రైలు మార్గం అది. రైలు పట్టాలు వేసిన చోటు కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. పల్లంలో ఉండటం వల్ల అక్కడ మంచు తొందరగా పలచబడుతుంది. ముందు రోజు రాత్రి దాని స్థితి చూసుకోవాలి.

మ్యాపులో ఇంకొక మోసం ఉంది. ఉపగ్రహ చిత్రంలో తెల్లగా, చదునుగా, అందంగా కనిపించేది మైదానం అనుకుంటాం. అది గడ్డకట్టిన చెరువు కావచ్చు. ఎత్తుల గీతలుండే టోపో పొర వేసి చూస్తే నీరు నీరుగా కనిపిస్తుంది. బోర్డు పాతిన దారి వదిలి ఐసు మీదకు ఎక్కవద్దు, అల్లుడుగారు ఎంత ధైర్యం చెప్పినా సరే.

బ్యాటరీ బాగానే ఉందన్నారు. విశాఖలో బాగానే ఉంది. ఐఫోన్ తయారీదారు చెప్పే వాడకపు ఉష్ణోగ్రత సున్నా నుంచి 35 డిగ్రీల వరకే. చలికి లిథియం బ్యాటరీ లోపల రసాయన చర్య మందగిస్తుంది. ఉన్న ఛార్జీనే బయటికి ఇవ్వలేక ఫోను ఆరిపోతుంది. నా పాత ఫోను ఒకసారి లంబసింగిలో, పొగమంచు చూద్దామని తెల్లవారుజామున నిలబడితే, 28 శాతం చూపిస్తూనే ఆరిపోయింది. కారులో కూర్చుని చేతుల్లో పెట్టుకుంటే పది నిమిషాలకు 26 శాతంతో లేచింది. లంబసింగి చలే ఆ పని చేసింది. వెర్మాంట్‌లో మైనస్ పది డిగ్రీలుండి, బండి గంటకు 50 కిలోమీటర్ల మీద వెళ్తుంటే, ఒంటికి తగిలే చలి మైనస్ 22తో సమానం. ఫోనుకు చర్మం లేదు కాబట్టి మైనస్ 22 దాకా పోదు. కానీ ఆ గాలికి మైనస్ పదికి చేరడం మాత్రం చాలా త్వరగా జరిగిపోతుంది. హ్యాండిల్ మీద బిగించే హోల్డరు కొనకండి. చొక్కా జేబులో, కోటు లోపల పెట్టుకోండి. కూడళ్ల దగ్గర ఆగి తీసి చూడండి. పవర్ బ్యాంకు కూడా లోపలి జేబులోనే. గడ్డకట్టిన ఫోనుకు వెంటనే ఛార్జింగు పెట్టవద్దు. సున్నాకు దిగువన ఛార్జి చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. బసలోకి వచ్చాక కెమెరాను సంచీలోనే ఓ గంట ఉంచండి. ఏసీ గదిలోంచి ఆర్కే బీచ్‌కు వెళ్లగానే లెన్సు మీద ఆవిరి పట్టడం విశాఖవాళ్లకు కొత్త కాదు కదా, ఇదీ అదే. అక్కడ తేడా ఏమిటంటే చల్లదనం బయట, వెచ్చదనం లోపల.

అత్యవసరం వస్తే? ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో ఉపగ్రహం ద్వారా సాయం కోరే సదుపాయం అమెరికాలో పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో దాని నమూనా ఉంటుంది, వెళ్లే ముందు ఒకసారి ఆడించి చూడండి. దట్టమైన చెట్ల కింద అది తడబడుతుంది, ఆకాశం కనిపించే చోటికి రావాలి. కాగితం మ్యాపు ఒకటి మడిచి జేబులో పెట్టుకోమంటే నవ్వుతారేమో. ట్రయల్ నంబర్లు బోర్డుల మీదా ఉంటాయి, కాగితం మీదా ఉంటాయి. మొదటి రోజు సాయంత్రానికి మీ గుంపులో వెలుగుతున్న తెర ఒక్కటీ ఉండకపోవచ్చు.

ఒక్క మాట అమ్మాయికీ అల్లుడికీ. వెర్మాంట్‌లో 1983 జులై 1 తర్వాత పుట్టినవాళ్లు స్నోమొబైల్ నడపాలంటే భద్రతా కోర్సు చేసి ఉండాలి. ఆన్‌లైన్‌లో చేయవచ్చు. మీ వయసుకు ఆ బాధ లేదు, వాళ్లకు ఉంటుంది. సంఘం వారి ట్రయల్ పాసు అద్దె బండితో కలిసి వస్తుందో లేదో కూడా ముందే అడగమనండి.

ప్రశ్న: మా అన్నయ్య డెన్వర్‌లో ఉంటాడు. కొలరాడో కొండల్లో స్నోమొబైల్ నడుపుతాడు. పుట్టినరోజుకు బ్యాటరీతో వేడెక్కే గ్లౌజులు పంపాలనుకుంటున్నాను. మంచివేనా? (మధురవాడ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని)

జవాబు: గ్లౌజులు మంచివే, కానీ కొలరాడో వేరు. అక్కడ ఏటవాలు కొండల మీద హిమపాతాలు (ఒక్కసారిగా కిందికి జారిపడే మంచు, అవలాంచ్) విరుచుకుపడతాయి. అటు వెళ్లేవాళ్లు మంచు కింద కూరుకుపోతే వెతకడానికి ఛాతీకి బీకన్ అనే రేడియో సంకేతాల పరికరం కట్టుకుంటారు. అది 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఫోను, వేడెక్కే గ్లౌజులు, యాక్షన్ కెమెరా దగ్గరగా ఉంటే ఆ సంకేతం చెదురుతుంది. బీకన్ సంకేతం పంపుతున్నప్పుడు ఇలాంటి వస్తువులు 20 సెంటీమీటర్ల దూరం, ఎవరినైనా వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉండాలని నియమం. వెతికేటప్పుడు బీకన్ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆ గ్లౌజు విప్పేయాల్సిందే. మామూలు ఉన్ని గ్లౌజులు పంపండి. ఆ బహుమతితో పాటు, బయల్దేరే రోజు పొద్దున్నే హిమపాత సూచన చూడమని ఒక చీటీ రాయండి. ఐదు అంచెల్లో ప్రమాదం చెబుతారు. మూడో అంచె వింటే మధ్యస్థంగా, ఫరవాలేదన్నట్టు అనిపిస్తుంది గానీ, ఆ అంచెలోనే చాలామంది పొరబడతారు.

ప్రశ్న: జనవరిలో నలుగురు స్నేహితులం గుల్మార్గ్ వెళ్తున్నాం, అక్కడ స్నోమొబైల్ ఎక్కుతాం. ఏ యాప్ వాడాలి? మా బావ అమెరికా నుంచి ఉపగ్రహ మెసెంజర్ (సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) తెచ్చి ఇస్తానంటున్నాడు, తెమ్మనమంటారా? (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: యాప్ అక్కర్లేదు. గుల్మార్గ్‌లో వెర్మాంట్ లాంటి నంబర్లేసిన ట్రయల్ వ్యవస్థ లేదు. అక్కడివాళ్లు నడుపుతుంటే మీరు వెనక కూర్చుంటారు, తిప్పి మళ్లీ అక్కడే దింపుతారు. ధర, ఎంత దూరం, ఎక్కడిదాకా అన్నది ఎక్కకముందే మాట్లాడుకోండి. మీకు కావలసింది యాప్ కాదు, సిమ్ము. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. నలుగురిలో కనీసం ఇద్దరైనా పోస్ట్‌పెయిడ్‌కు మారి వెళ్లండి. మారడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి డిసెంబరులోనే చేయండి. పవర్ బ్యాంకు చెక్ఇన్ బ్యాగులో వేయకండి, చేతి సంచీలోనే. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్స్ అవుతుంది, విమానంలో అనుమతించే వంద లోపే.

మెసెంజర్ మాత్రం వద్దు. మన దేశంలో టెలికం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, ఇరిడియం లాంటి ఉపగ్రహాలతో పనిచేసే మెసెంజర్లు వెంట ఉంచుకోవడమే నేరం. కొండల్లో నడవడానికి తెచ్చుకున్న విదేశీ పర్యాటకులే వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నారు. బావగారిని దాన్ని అక్కడే వాడుకోమనండి. మీకేదైనా తేవాలనే ఉంటే ఒక జత మంచి ఉన్ని మేజోళ్లు తెమ్మనండి.